గాలిలో దీపం

గాలికీ దీపానికీ పడదన్న సంగతి మనకెవరూ నేర్పనక్కర్లేదు. సందెవేళ తులసికోట దగ్గర ప్రమిద వెలిగించి, కొంగు చాటు చేసి, అది నిలదొక్కుకునేదాకా ఊపిరి బిగబట్టి నిలబడినవాళ్ళమే అందరం. దీపం ఆరిపోయిందని నోటితో అనం కూడా, 'కొండెక్కింది' అంటాం. జాగ్రత్త లేకుండా పనిచేసి చేతులు దులుపుకునేవాణ్ణి 'గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నాట్ట' అని దెప్పుతాం.

అలాంటిది, ఉదయగిరిలో మా అమ్మ ఇంట్లో గాలి వీస్తేనే దీపం వెలుగుతుంది. లోకంలో ఎక్కడైనా దీపం కొండెక్కుతుంది గానీ అక్కడ మాత్రం కొండ దిగి వస్తుంది!

ఉదయగిరి మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పడమటికి పోతే, వరి పొలాలన్నీ వెనకబడి, ఎర్రమట్టీ రాళ్ళూ మొదలై, చివరికి వెలికొండలు ఎదురొస్తాయి. ఆ కొండల పాదాల దగ్గర మా ఊరు. చెక్క గరిటెలూ చెంచాలూ చెక్కే ఊరంటే కొందరికి గుర్తొస్తుంది. కొండ మీద కోట వుంది. ఆ కోట కోసమే 1513లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడు. గజపతుల చేతిలో వున్న ఆ దుర్గం అంతటి రాయలకీ వారం పదిరోజుల్లో లొంగలేదు. ఏడాదిన్నర ముట్టడి వేస్తే గానీ, 1514లో గానీ, చేజిక్కలేదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకువెళ్ళి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కనుక ఈ తేదీలు నాకు నోటికి వచ్చు. కానీ రాయల ఏనుగుల మీదికీ గుర్రాల మీదికీ పోదు నా మనసు. ఆ ఏడాదిన్నరా కోట లోపల ఏం వండుకున్నారు, ఎవరు వడ్డించారు, గాదె అడుగు కనిపించిన రోజున ఏ ఇల్లాలి గుండె ఎలా కొట్టుకుంది... ఇదీ నా ధ్యాస. గింజా నీళ్ళూ నిలవ వున్నంత కాలమే కోట కోట. అవి నిండుకున్నాక ఎంత ఎత్తు గోడలైనా రాళ్ళే.

కరెంటు సంగతీ అచ్చం ఇంతేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2012లో, మీకూ గుర్తుండే వుంటుంది, రాష్ట్రమంతా కరెంటు కోతలు. ఫాక్టరీలకి 'పవర్ హాలిడే'లు, పల్లెటూళ్ళకి ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని దాగుడుమూతలు. నాన్న పోయాక అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే వుంటోంది. నా దగ్గరికి నెల్లూరు రమ్మంటే రాదు. మా తమ్ముడు ఇంజనీరు. వాడు ఆ వేసవిలో వచ్చి, డాబా మీద పాతికడుగుల ఇనపస్తంభం పాతించి, దాని కొసన మూడు రెక్కల గాలిమర నిలబెట్టాడు. వెనక చేపతోక లాంటి రేకు. గాలి ఎటు తిరిగితే అటు మొహం తిప్పుతుంది. వెనక వరండా గదిలో నాలుగు బాటరీలు, గోడకో పెట్టె, ఏవేవో తీగలు.

వీధి వీధంతా వచ్చి చూసింది. "మీ ఇంటి మీద ఇమానం దిగిందేందమ్మా" అని ఒకరు. ఆ ఏడు వానలు వెనకబడితే, "ఆ రెక్కలు మబ్బుల్ని తోలేస్తన్నాయి" అని ఇంకొకరు. మావారు మాత్రం, "మీ తమ్ముడు మొత్తానికి గాలి కబుర్లు నిజం చేశాడోయ్" అన్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి ఏడాది అది గాలి కబురే అయింది. అమ్మినవాళ్ళు 500 వాట్లన్నారు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. గాలిమర లెక్క మన చీటీల లెక్కలాగా సాఫీగా వుండదు. గాలి వేగం రెట్టింపయితే కరెంటు రెట్టింపవుతుందనుకుంటాం కదా, ఎనిమిది రెట్లవుతుంది. సగమైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మా అమ్మ ఇంటి మీద వున్నలాంటి, రెక్కల వ్యాసం 2 మీటర్లుండే గాలిమర, గంటకి 36 కిలోమీటర్ల గాలికి దాదాపు 480 వాట్లిస్తుంది. ఆ గాలి 18 కిలోమీటర్లకి తగ్గితే 60 వాట్లు. 9కి తగ్గితే ఏడెనిమిది వాట్లు, అంటే ఒక చిన్న బల్బుకే కష్టం. అసలు గాలిలో వున్న బలమంతా ఎవరూ లాగలేరట. నూటికి 59 పాళ్ళకి మించి ఏ రెక్కకూ దక్కదని బెట్జ్ అనే జర్మనీ ఆయన వందేళ్ళ కిందటే లెక్కకట్టాడు.

అమ్మకి ఈ లెక్కలెవరూ చెప్పలేదు. "మీరేం చూసుకోనక్కర్లేదు" అని చెప్పి వెళ్ళారు. ఆమె నమ్మింది. గాలి లేని మాఘ ఫాల్గుణాల్లో కూడా ఫానూ, లైట్లూ, టీవీ అన్నీ వాడుకుంది. బాటరీలు రోజూ అడుగంటా ఖాళీ అయ్యాయి. రోహిణీ కార్తె ఎండకి లోపలి నీళ్ళు ఇగిరిపోయాయి. పద్నాలుగు నెలలు తిరక్కుండా నాలుగూ చచ్చి ఊరుకున్నాయి. వేలకి వేలు నీళ్ళపాలు... కాదు, నీళ్ళు లేని పాలు!

అప్పుడు పట్టింది నాకు పంతం. అసలీ బాటరీ అనేదాన్ని ఎవరు కనిపెట్టారు, ఇళ్ళలో ఎలా వాడారు, వాళ్ళ కొంప మునగలేదా అని పుస్తకాలు తిరగేశాను.

సీసపు పలకలు, ఆమ్లం కలిపిన నీళ్ళు - ఈ రకం బాటరీని 1859లో గాస్తాన్ ప్లాంతే అనే ఫ్రెంచివాడు చేశాడు. ఇరవై ఏళ్ళు దాటాక కామీ ఫోర్ అనే ఇంకొకాయన పలకల మీద సీసపు ముద్ద పూసి దాన్ని ఇంటి వాడకానికి పనికొచ్చేలా చేశాడు. ఆ ఫోర్ బాటరీలనే తీసుకుని, 1887 జూలైలో స్కాట్లండులో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసరు, మేరీకర్క్ అనే పల్లెలో తన వేసవి విడిది తోటలో గాలిమర కట్టాడు. రెక్కలకి గుడ్డ తెరచాపలు. గాలి కరెంటుతో దీపాలు వెలిగిన మొదటి ఇల్లు అదేనంటారు. కరెంటు మిగిలిపోతే పాపం మంచిమనసుతో, "మీ వీధికి దీపాలు పెడతాను" అని ఊరివాళ్ళనడిగాడట. "అది సైతాను పని, మాకొద్దు" అన్నారట! మబ్బుల్ని తోలేస్తోందన్న మా వీధివాళ్ళ మీద నా కోపం ఆ పూటతో చల్లారింది.

ఆ మరుసటి ఏడే అమెరికాలో, క్లీవ్‌లండ్ నగరంలో, చార్లెస్ బ్రష్ అనే కోటీశ్వరుడు తన భవనం వెనక గాలిమర నిలబెట్టాడు. నగరాల వీధిదీపాలు వెలిగించి డబ్బు గడించిన మనిషి. మాదానికి మూడు రెక్కలు, ఆయనదానికి 144 - దేవదారు జాతి చెక్కతో. 17 మీటర్ల చక్రం! నేలమాళిగలో 408 బాటరీలు. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో దీపాలు వెలిగాయి. ఆయన పేరు అన్ని పుస్తకాల్లోనూ వుంది. ఆ 408 జాడీల్లో నీళ్ళు తగ్గాయో లేదో రోజూ దీపం పట్టుకుని దిగి చూసిన పనిమనిషి పేరు ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు.

డెన్మార్కులో పోల్ లా కూర్ అనే బడిపంతులు ఇంకో దారి తొక్కాడు. 1891లో ఆస్కోవ్ అనే ఊళ్ళో గాలిమర కట్టి, బాటరీల ఖరీదు భరించలేక, ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ వాయువు నిలవ చేసి, బడిలో దీపాలు పెట్టాడు. ఆ వాయువు అప్పుడప్పుడూ పేలి కిటికీ అద్దాలు పగిలేవట.

అది చదవగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటారా? ఛార్జి ఎక్కేటప్పుడు బాటరీ నుంచి వచ్చేదీ ఆ హైడ్రోజనే. అంతకు ముందు దసరాకి మా అమ్మ ఆయుధపూజ చేస్తూ, తలుపులు మూసిన ఆ గదిలో బాటరీలకి బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి హారతి ఇవ్వబోయింది! తమ్ముడు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు గనక సరిపోయింది. "దేవుడికి హారతి, దీనికి దణ్ణం చాలమ్మా" అన్నాడు. ఇప్పుడా గదికి రెండు కిటికీలూ ఎప్పుడూ తెరిచే వుంటాయి.

రెండో జత బాటరీలు వచ్చిన రోజున అమ్మ తమ్ముణ్ణి కూర్చోబెట్టింది. "ఈసారి అంతా నాకు చెప్పి పో నాయనా. నాకు అర్థం కాదనుకోమాక" అంది.

చెప్పాడు. ఆమ్లం సాంద్రత చూసే గాజు గొట్టం చేతికిచ్చాడు. లోపల చిన్న తేలుడు బుడ్డి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేందిరా, పాల కేంద్రంలో పాలల్లో వేసేదే కదా" అంది. నిజమే! పాలు చిక్కగా వుంటే బుడ్డి పైకి తేలుతుంది, నీళ్ళు కలిస్తే మునుగుతుంది. బాటరీ నిండుగా వుంటే 1250 దగ్గర తేలుతుంది, 1150కి దిగితే డొక్కలు ఎండినట్టు. సగానికంటే ఎక్కువ ఎప్పుడూ తోడెయ్యకూడదు. మన ఇళ్ళలో వచ్చే పంట దాకా గాదెలో కొంత మిగుల్చుకునే పద్ధతే. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పట్టి చెడుతుంది. తీగలు బిగించిన చోట తెల్లగా పచ్చగా బూజు లాంటిది కడితే, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, వాజలీను రాయాలి. గాలి హోరుమని వీస్తున్నప్పుడు బాటరీ తీగ ఊడదీయకూడదు. లాగే బరువు లేక రెక్కలు పగ్గం తెగిన ఎద్దులా పరుగెడతాయి. ముందు బ్రేకు మీట వేసి ఆపాలి. బాటరీలు నిండాక మిగిలిన కరెంటు ఓ బకెట్టులోని తీగచుట్టకి పోయి నీళ్ళు కాగుతాయి. "గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమా! ఎందుకూ, నా స్నానానికి చాలు" అంది అమ్మ.

ఒక్క సంగతి మాత్రం వాడు చెప్పలేదు, మగవాడు కదా! ఆ ఆమ్లం చుక్క నూలు చీర మీద పడితే అప్పటికేమీ కనపడదు. ఉతికి ఆరేస్తే జల్లెడ! మూడు వెంకటగిరి చీరలు అలా పోయాక, నాన్నగారి పాత ఖాకీ చొక్కా ఒకటి అమ్మకి బాటరీ గది యూనిఫారం అయింది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంత పట్టుదల ఎక్కడిదని నేను ఆశ్చర్యపోతే ఓ రాత్రి తనే చెప్పింది.

అమ్మ పుట్టిల్లు ఆత్మకూరుకి నాలుగు మైళ్ళ దూరంలో ఓ పల్లె. నడిచి వెళ్ళి ఆత్మకూరు హైస్కూల్లో చదువుకునేది. రాష్ట్రంలో విద్యుత్ బోర్డు 1959లోనే ఏర్పడినా, 1971లో కూడా వాళ్ళ పల్లెకి తీగ రాలేదు. ఇంట్లో ఉన్నది ఒకే లాంతరు. ఆ ఏడే అమ్మకి పదో తరగతి, మేనమామకీ పదో తరగతే. కిరసనాయిలు కొలిచి పోసేది మా అవ్వ. ఏడున్నర దాకా వంటింటికి, తరవాత లాంతరు మా మామ ముందు. ఒకే లాంతరు దగ్గర ఇద్దరూ కూర్చోవచ్చు కదా అని మీరూ అడుగుతారు, నేనూ అడిగాను. "ఆడపిల్ల పొద్దున్నే లేవాల, పడుకోమనేది" అంది అమ్మ. లెక్కల్లో ఆరు మార్కులు తగ్గాయి. మళ్ళీ రాయిస్తామన్నారు గానీ, మరుసటేడు పెళ్ళి చేసి ఉదయగిరి పంపేశారు.

"మా అమ్మ చెడ్డది కాదు పాపా. ఆ సీసాలో వున్నదే అంత" అంది, నలభై ఏళ్ళ తరవాత కూడా.

నేను నవలలు రాసే మనిషిని. ఆ రాత్రి నాకు మాట రాలేదు.

ఒక్క మా ఇంట్లోనే కాదు, దీపం చుట్టూ ఇలాంటి కథలు అన్ని దేశాల్లోనూ వున్నాయి. అమెరికా పల్లెల్లో 1920ల్లో తీగలు లేవు. మోంటానా పశువుల కొట్టాల మధ్య పెరిగిన జేకబ్స్ సోదరులు గాలిమరలు చేసి రైతులకి అమ్మారు. వేల ఇళ్ళలో మొదటి దీపం, మొదటి రేడియో గాలి పాటే. అడ్మిరల్ బర్డ్ దక్షిణ ధ్రువ ప్రాంతానికి తీసుకుపోయింది కూడా వీళ్ళ గాలిమరనే. 1936లో ప్రభుత్వం పల్లెల విద్యుదీకరణ చట్టం చేసి తీగలు లాగడం మొదలుపెట్టాక ఒక్కొక్కటే దిగిపోయాయి. 1950లు దాటకుండానే ఆ కంపెనీ మూతపడింది.

మన దేశంలో గాలిని పట్టించుకున్నవాళ్ళలో మొదట తలుచుకోవలసింది ఒక ఆడమనిషిని - అన్నా మణి. 1918లో తిరువాన్కూరు సంస్థానంలో, పీరుమేడులో పుట్టింది. ఎనిమిదో పుట్టినరోజుకి ఇంట్లో ఆనవాయితీగా వజ్రాల కమ్మలిస్తే, అవొద్దు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కావాలందట! మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాల మీదా కెంపుల మీదా పరిశోధన చేసింది. కమ్మలు వద్దన్నవాళ్ళకి వజ్రాలు అలా తగుల్కున్నాయన్నమాట. థీసిస్ ఇచ్చింది గానీ, ఎమ్మెస్సీ లేదనే కారణం చూపి డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఇంగ్లండు వెళ్ళి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో తిరిగొచ్చి పూనాలో వాతావరణ శాఖలో చేరింది. గాలినీ ఎండనీ కొలిచే పరికరాలు ఇక్కడే తయారయ్యేలా చేసింది. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యాక కూడా ఊరుకోక, దేశంలో ఎక్కడ ఏ నెలలో ఎంత గాలి వీస్తుందో లెక్కలు కూర్చి 1983లో పుస్తకం తెచ్చింది. మన దేశపు మొదటి గాలిమరల క్షేత్రాలు 1986లో తమిళనాడు, గుజరాత్, మహారాష్ట్ర తీరాల్లో వెలిశాయి. ఎక్కడ నిలబెట్టాలో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు ఓపిగ్గా కొలవాలి కదా! 2001లో పోయిందావిడ.

ఈ కథ చెబితే అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, బాటరీ గదిలోంచి అట్ట చిరిగిన ఓ రూళ్ళ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తేదీ, బుడ్డి అంకె, పోసిన నీళ్ళు, గాలి - నాలుగు వరసలు. గాలి వరసలో 'లేదు', 'కొంచెం', 'బాగా', 'హోరు'. రెండో జత బాటరీలు వచ్చిన రోజు నుంచీ ఒక్కరోజు తప్పలేదు. జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం పేజీల్లో వెలికొండల మీంచి దిగే పడమటి గాలి వరసగా 'బాగా', 'బాగా', 'హోరు'. మాఘంలో 'లేదు', 'లేదు'. పదో తరగతి దగ్గర ఆగిపోయిన గుండ్రటి అక్షరాలు.

2021 నవంబరులో వానలు మీరు మరిచిపోయి వుండరు. సోమశిల నిండి, పెన్న పొంగి, నెల్లూరు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. మా అమ్మ వీధిలో మూడు రాత్రులు కరెంటు లేదు. నేనిక్కడ ఫోను పట్టుకుని కంగారు పడుతుంటే, "బ్రేకు వేసి రెక్కలు ఆపేశాను పాపా, ఇంత గాలి మంచిది కాదు. పోయిన వారం గాలి లోపలుంది, చాలు" అంది. నాలుగు బాటరీల్లో సగం వాడినా రెండు యూనిట్లకి పైనే. నాలుగు చిన్న బల్బులకీ ఓ ఫానుకీ రాత్రికి అర యూనిట్ చిల్లర. ఫాను ఆపుకుంటే ఇంకా ఎక్కువే వస్తుంది. ఆ మూడు రాత్రులూ వీధిలో పిల్లలు ముగ్గురు మా ఇంటి హాల్లో చదువుకున్నారట. విమానమన్నవాళ్ళ మనవళ్ళూ, మబ్బుల్ని తోలుతోందన్నవాళ్ళ మనవరాలూ. "ఆ పిల్లని ముందు కూచోబెట్టినా" అంది అమ్మ. అంతే అంది.

తుపాను గాలి దీపం పెట్టదు. అంతకుముందు నెమ్మదిగా వీచిన గాలిని ఎవరో దాచిపెడితే, అది పెడుతుంది. గాలి వుండగానే తూర్పారబట్టుకోవాలని పెద్దలన్నది ఇందుకే కాబోలు.

ఇప్పుడు కథ మళ్ళీ మొదటికొచ్చింది. బాటరీలకి మళ్ళీ వయసు అయిపోయింది. నెల్లూరు జిల్లాలోనే కృష్ణపట్నం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు తిరుగుతున్నాయి. అమ్మ వీధిలో కరెంటు మునుపటంతగా పోవడం లేదు. 2024లో ఇంటిమీది సౌర పలకలకి కేంద్రం సబ్సిడీ పథకం కూడా పెట్టింది. రూపాయల లెక్కలో మా గాలిమర ఎప్పుడూ గెలవలేదని తమ్ముడే ఒప్పుకుంటాడు. "దాన్ని దించేసి, పలకలు వేసి, లిథియం బాటరీ పెడదాం. నీళ్ళు పొయ్యక్కర్లేదు, బుడ్డి ముంచక్కర్లేదు, అసలేమీ చూసుకోనక్కర్లేదమ్మా" అన్నాడు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఏమీ చూసుకోనక్కర్లేదని మొదట్లోనూ అన్నారు గదరా" అంది. తరవాత నెమ్మదిగా, "చూసుకోను ఏమీ లేనిదాన్ని ఇంట్లో పెట్టుకుని నేనేం చేసుకునేది నాయనా?" అంది.

వాడు నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను.

పోయిన నెల డాబా మీద పలకలు వేయించాం. వానకాలం ఎండ లేనప్పుడు గాలి, గాలి లేని మాఘంలో ఎండ - రెండూ ఒకదాని వెనక ఒకటి నీళ్ళు పోసే బాటరీల్లోకే వస్తాయి. రెక్కలకి గ్రీజు పెట్టి మళ్ళీ తిప్పాం. వచ్చేటప్పుడు ఆత్మకూరు బస్టాండు దగ్గర రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి కొని పంపాను.

నిన్న ఫోను చేస్తే చెప్పింది అమ్మ, కొత్త పుస్తకంలో గీతలు కొట్టడం అయిపోయిందట. ఈసారి అయిదు వరసలు. అయిదోది 'ఎండ'.